ర్యాంపు మీద నుంచి నీళ్లలోకి జారిపోయిన లారీ: బయటకు తీయడం ఎలా, తీశాక ఏం చేయాలి?

రేవు_బండి
పడవలను ట్రాలీ మీద ఎక్కించి రేవుకు చేర్చే మా లారీ నిన్న సాయంత్రం ర్యాంపు మీద నుంచి జారి నీళ్లలోకి వెళ్లిపోయింది. డ్రైవరు రివర్సులో దిగి, ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, పడవ తాళ్లు విప్పడానికి కిందికి దిగాడు. పడవ తేలి ట్రాలీని వదిలిన కాసేపటికి లారీ నెమ్మదిగా వెనక్కి కదిలింది. ఎవరూ క్యాబిన్‌లో లేరు, ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇప్పుడు క్యాబిన్ పైకప్పు మాత్రమే కనిపిస్తోంది. రాత్రి ఒక క్రేను వచ్చి ముందు బంపరుకు ఇనుప తాడు కట్టి లాగితే బంపరు బ్రాకెట్లతో సహా ఊడి వచ్చింది, లారీ మరో అడుగు లోపలికి దిగింది. ఇంకా పెద్ద క్రేను తెస్తే వచ్చేస్తుందని వాళ్లు అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఖాళీ బండి బరువు సుమారు 5 టన్నులు, వెనక మూసి ఉన్న బాడీ, ఎయిర్ బ్రేకులు. ఈ రేవులో ఆటుపోట్లు ఉంటాయి, నీరు కొంచెం ఉప్పగానే ఉంటుంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గట్టుమీద
ఆలస్యం చేయకండి. నీళ్లలో ఉన్న ప్రతి గంటా నష్టమే. పెద్ద క్రేను వస్తానంటే వెంటనే పిలిపించి లాగించేయండి.

ఇనుపతాడు
గట్టుమీద గారి మాటతో నేను ఏకీభవించను. వాహనాలను వెలికితీసే పనిలోనే నా జీవితం గడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను: బంపరు ఊడి వచ్చిందంటే క్రేను చిన్నదని కాదు, కింద ఏదో అడ్డుపడిందని అర్థం. బంపరు లాగడానికి పెట్టిన భాగం కాదు. తాడు ఛాసిస్‌కు బిగించిన టోయింగ్ హుక్‌కు గానీ, ముందు యాక్సిల్‌కు గానీ కట్టాలి. అడ్డు ఏమిటో చూడకుండా ఇంకా బలంగా లాగితే ఈసారి ఊడి వచ్చేది ముందు యాక్సిల్ కావచ్చు. ముందు ఒక గజ ఈతగాడిని దింపి, వెనక చక్రాలు దేని మీద ఉన్నాయో, ట్రాలీ ఇంకా తగిలించే ఉందో లేదో, అడుగున బురద ఎంత ఉందో చూసి రమ్మనండి. అది తెలిసేదాకా తాడు బిగించవద్దు.

చుక్కాని
ఆ అడ్డు ఏమిటో నేను ఊహించగలను. ర్యాంపు కాంక్రీటు నీటి కింద ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. పడవలను ఇంజన్ బలంతో ట్రాలీ మీదికి ఎక్కించేటప్పుడు ప్రొపెల్లర్ తోసే నీరు ఆ అంచు దాటాక ఉన్న మట్టిని కోసేస్తూ ఉంటుంది. కొన్నేళ్లలో అక్కడ గుంట పడుతుంది. వెనక చక్రాలు ఆ గుంటలోకి దిగితే యాక్సిల్ కాంక్రీటు అంచుకు తగులుకుంటుంది. అప్పుడు ముందు నుంచి ఎంత లాగినా ఆ యాక్సిల్‌ను గోడకేసి గుంజినట్టే.

రేవు_బండి
చుక్కాని గారు చెప్పింది నిజమేననిపిస్తోంది. ఈ రేవులో ఆటు బాగా తగ్గినప్పుడు ర్యాంపు చివర ఒక మెట్టులాగా కనిపిస్తుంది. గజ ఈతగాడిని మాట్లాడాను, మధ్యాహ్నం వస్తానన్నాడు. ట్రాలీ ఇంకా లారీకే తగిలించి ఉందని డ్రైవరు చెబుతున్నాడు.

తెడ్డు
హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో కూడా పెట్టాక బండి ఎలా జారింది? డ్రైవరు నిజంగా బ్రేకు వేశాడా? నాకు అనుమానంగా ఉంది.

పాత_స్పానర్
తెడ్డు గారూ, డ్రైవరును అనుమానించే ముందు బండిని అర్థం చేసుకుందాం. ఇలాంటి లారీల్లో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక చక్రాలకే ఇంజన్ బలం వెళ్లే బండిలో గేరు పట్టేది కూడా ఆ వెనక చక్రాలనే. అంటే డ్రైవరు రెండు జాగ్రత్తలు తీసుకున్నా రెండూ ఒకే జత చక్రాల మీద పనిచేశాయి, ముందు చక్రాలు మాత్రం స్వేచ్ఛగానే ఉన్నాయి. ర్యాంపు మీద ఆ వెనక చక్రాలు నిలిచే చోటు నీటి అంచు. ఆటుపోట్లకు రోజూ తడుస్తూ ఆరుతూ ఉండే ఆ పట్టీలోనే నాచు బాగా పెరుగుతుంది. పైగా వెనక భాగం నీటిలోకి దిగినకొద్దీ నీరు ఆ బరువును కొంత పైకి మోస్తుంది, టైరు నేలను నొక్కే బలం తగ్గుతుంది. చక్రం తిరగకుండానే బండి మొత్తం జారిపోతుంది. బ్రేకు పనిచేస్తూనే ఉంది, పట్టు మాత్రమే పోయింది.

చుక్కాని
అందుకే ముందు చక్రాల కింద, పొడి కాంక్రీటు మీద దిమ్మెలు పెట్టాలి. వెనక చక్రాల కింద నాచు మీద రాయి పెడితే రాయి కూడా బండితో పాటే జారుతుంది. దిమ్మెకు ఒక తాడు కట్టి లారీకే తగిలిస్తే బండి పైకి కదిలినప్పుడు అది వెంటే వస్తుంది, ర్యాంపు మీద మరచిపోయే బెడద ఉండదు. ఫోర్ వీల్ సౌకర్యం ఉన్న బండి అయితే దిగే ముందే దాన్ని తగిలిస్తే ముందు చక్రాలు కూడా గేరుకు కట్టుబడి ఉంటాయి.

తెడ్డు
పాత_స్పానర్ గారి వివరణ సబబుగా ఉంది. డ్రైవరు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

లోతునీరు
గజ ఈతగాడి కోసం నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే నేనూ అదే పని చేస్తాను. లారీ చుట్టూ బురద లేచి ఉంటుంది, చేతి తడుముడు తప్ప చూపు పనిచేయదు. కాబట్టి దిగే ముందు అదే రకం లారీ ఒకటి గట్టు మీద ఉంటే, హుక్కు ఎక్కడుంది, యాక్సిల్ ఎక్కడుంది, ట్రాలీ పిన్ను ఎటువైపు ఊడుతుంది అన్నది కళ్లు మూసుకుని చేత్తో తడిమి నేర్చుకోమనండి. ఈతగాడు నీటిలో ఉన్నంతసేపు తాడు మీద బిగువు ఉండకూడదు. వించి (తాడును చుట్టి లాగే యంత్రం) దగ్గర ఉన్నవాడికి ఆజ్ఞ ఇచ్చే మనిషి ఒక్కడే ఉండాలి. గట్టు మీద నుంచి నలుగురు నాలుగు రకాలుగా అరిస్తే ప్రాణం మీదికి వస్తుంది. లారీ కిందికి దూరవద్దని అతనికి ముందే చెప్పండి. అది ఇంకా కదిలే స్థితిలోనే ఉంది.

బాటసారి
డీజిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్యాంకు మూత, గాలి పైపు మూసి ఉన్నాయో లేదో చూడాలి. నీటి మీద తేలే అడ్డుకట్టను లారీ చుట్టూ ముందే పరచాలి, ఎందుకంటే డీజిల్ పైకి తేలేది బండి కదిలినప్పుడే. రేవు అధికారులకు సమాచారం ఇచ్చారా?

రేవు_బండి
నిన్న రాత్రే సమాచారం ఇచ్చాము. ఇవాళ అడ్డుకట్ట కూడా వేశారు. ఈతగాడు దిగి చూసి వచ్చాడు. చుక్కాని గారు అన్నట్టే వెనక యాక్సిల్ కాంక్రీటు అంచు కిందికి దిగి ఆగి ఉంది. ట్రాలీ తగిలించే ఉంది, దాని చక్రాలు సగం వరకు బురదలో ఉన్నాయి. లారీ వెనక చక్రాలు కూడా సగం దాకా కూరుకున్నాయి. ఇప్పుడు ఎంత బలం కావాలో లెక్క ఎలా వేయాలి?

ఇనుపతాడు
సైనిక వాహనాలను బురదలోంచి తీసేవారు వాడే మోటు లెక్క ఒకటి ఉంది, మా పనిలో కూడా అదే ఆధారం. చక్రాల లోతు కూరుకుంటే బండి బరువంత నిరోధం, మడ్‌గార్డుల దాకా కూరుకుంటే బరువుకు రెట్టింపు, క్యాబిన్ దాకా కూరుకుంటే మూడు రెట్లు అని లెక్కపెట్టుకోవాలి. మీ లారీకి మొదటి లెక్క సరిపోతుంది కాబట్టి 5 టన్నులు. దీనికి వాలు నిరోధం కలపాలి. పడవల ర్యాంపులు సాధారణంగా 12 నుంచి 15 శాతం వాలుతో ఉంటాయి, కాబట్టి అది ఒక టన్నుకు లోపే. మొత్తం 6 టన్నులు అనుకోండి. ఇది ట్రాలీ విడిపోయి, యాక్సిల్ అంచు మీదికి వచ్చాక పడే లెక్క. ఆ రెండూ జరగకపోతే ఏ లెక్కా పనికిరాదు.

వించి సామర్థ్యం చాలదనిపిస్తే లారీ హుక్కు దగ్గర ఒక కప్పీ వేసి, తాడును దాని చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి గట్టు మీద కట్టండి. లాగే బలం దాదాపు రెట్టింపు అవుతుంది, రాపిడికి పదో వంతు పోతుంది. వేగం సగమవుతుంది, ఇక్కడ మనకు కావలసింది కూడా అదే. హుక్కులు రెండు ఉంటే గొలుసును రెండింటికీ కట్టి మధ్య నుంచి లాగుతారు కదా, ఆ గొలుసు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు దాటనివ్వవద్దు. కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కొక్క కాలి మీద మొత్తం బరువంతా పడుతుంది. రెండు కాళ్లుంటే సగం సగం పడుతుందనుకోవడం పొరపాటు.

గట్టుమీద
నాకు ఇంకా ఒక సందేహం. నీటిలో వస్తువు తేలికవుతుంది కదా? అలాంటప్పుడు నీటిలో ఉండగానే లాగడం సులువు, బయటకు వచ్చేకొద్దీ కష్టం కావాలి. మీరు అందరూ కింద ఉన్న కష్టం గురించే మాట్లాడుతున్నారు.

పాత_స్పానర్
ఇది మంచి ప్రశ్న. ఇనుము నీటికన్నా దాదాపు 8 రెట్లు సాంద్రమైనది, కాబట్టి పూర్తిగా మునిగిన 5 టన్నుల ఇనుము సుమారు 4.4 టన్నుల బరువు తూగుతుంది. ఈ తేడా పెద్దది కాదు. అసలు ప్రమాదం మీరు అన్నట్టు బయటకు వచ్చేటప్పుడే ఉంది. వెనక మూసిన బాడీలో చిక్కుకున్న నీరు నీటి కింద ఉన్నంతవరకు బరువు అనిపించదు. నీటి మట్టం దాటగానే ఒక్కొక్క ఘనపు మీటరుకు ఒక టన్ను చొప్పున తాడు మీద పడుతుంది. ఆరు ఘనపు మీటర్ల నీరు ఉందంటే 5 టన్నుల బండి 11 టన్నులదవుతుంది. అందుకే ఈతగాడి చేత వెనక తలుపులు ముందే తీయించి కట్టించాలి. క్యాబిన్ అద్దాలు మూసి ఉంటే అవీ దింపించాలి లేదా తలుపు తెరిపించాలి. నీటి మట్టం దగ్గర ఆగి ఆగి లాగాలి. లోపలి నీరు బయటికి పోయే వేగాన్ని మించి బండి పైకి రాకూడదు.

ఇనుపతాడు
వెనక భాగాన్ని అంచు మీదికి ఎత్తడానికి గాలి సంచులు వాడండి. 1000 లీటర్ల సంచి నిండా గాలి నింపితే సుమారు ఒక టన్ను ఎత్తుతుంది. యాక్సిల్‌కు రెండు వైపులా సమానంగా కట్టి, రెండింటినీ కలిపి కొద్దికొద్దిగా నింపాలి. లారీ ముందు భాగానికి కట్టిన తాడు బిగించి ఉంచకుండా సంచులు నింపవద్దు. వెనక భాగం తేలగానే బండి పక్కకు తిరుగుతుంది.

తెడ్డు
వెనక చక్రాలు బిగుసుకుపోయి ఉంటాయి కదా, బ్రేకు విడిపించాలా?

పాత_స్పానర్
ఎయిర్ బ్రేకు లారీలో హ్యాండ్ బ్రేకు అంటే గాలి కాదు, స్ప్రింగు. గాలి ఉంటే స్ప్రింగు వెనక్కి నొక్కబడి బ్రేకు విడుస్తుంది. గాలి పోతే స్ప్రింగు బ్రేకును పట్టేస్తుంది. ఇప్పుడు బయటి నుంచి గాలి ఎక్కించినా క్యాబిన్‌లోని వాల్వు వేసిన స్థితిలోనే ఉంది కాబట్టి స్ప్రింగు విడవదు. బ్రేకు ఛాంబరు వెనక రంధ్రంలోకి పొడవాటి బోల్టు దూర్చి, నట్టు బిగిస్తూ స్ప్రింగును వెనక్కి లాగి పట్టే పద్ధతి ఉంది. చాలా ఛాంబర్లకు ఆ బోల్టు పక్కనే తగిలించి ఉంటుంది.

ఇనుపతాడు
పద్ధతి సరైనదే, ఇప్పుడు మాత్రం వద్దు. నీటి కింద చక్రాలు విడిపిస్తే ఆ బండిని పట్టి ఉంచేది ఒక్క తాడే. తడి నాచు మీద బిగుసుకున్న చక్రాలు కూడా జారుతూ వస్తాయి, అక్కడ రాపిడి తక్కువే. పొడి కాంక్రీటు మీదికి వచ్చాక ముందు చక్రాల కింద దిమ్మెలు పెట్టి అప్పుడు బోల్టులు బిగించండి.

పాత_స్పానర్
టైర్లు అరిగిపోతాయని నా బాధ. అయినా ఈతగాడి ప్రాణం కన్నా టైర్లు ఎక్కువ కాదు. ఇనుపతాడు గారి క్రమమే సరైనది.

సెల్ఫ్_మోటార్
ఇంకో మాట చెప్పాలి. రేవులో ఇలాంటి పని జరుగుతుంటే చూడటానికి జనం పోగవుతారు, ఫోన్లు పట్టుకుని తాడు పక్కనే నిలబడతారు. దయచేసి వారిని దూరంగా పంపించండి. నేను చూసిన ఒక సందర్భంలో తెగిన తాడు గట్టు మీది ఇనుప స్తంభాన్ని వంచేసింది. అంతకు కాసేపటి ముందు ఆ స్తంభానికి ఆనుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. తాడు పొడవు ఎంత ఉందో కనీసం అంత దూరం ఖాళీగా ఉంచాలి. కప్పీ వాడితే తాడు వంగే కోణం లోపలి వైపు ఎవరూ నిలబడకూడదు, కప్పీ ఊడితే అది ఎగిరేది అటే.

రేవు_బండి
అందరికీ కృతజ్ఞతలు. లారీ గట్టెక్కింది. ముందు ట్రాలీ పిన్ను ఊడదీసి ట్రాలీని వేరే తాడుతో పక్కకు లాగాము. తరువాత సంచులు నింపితే వెనక యాక్సిల్ అంచు మీదికి వచ్చింది. కప్పీ వేసి లాగితే రాత్రి ఉన్న క్రేనే సరిపోయింది, పెద్దది అవసరం కాలేదు. వెనక తలుపుల్లోంచి నీరు పోతుంటే ఆగి ఆగి లాగాము, క్యాబిన్‌లోంచి కారిన నీటితో పాటు సీటు కింద ఉన్న పనిముట్లు కూడా కొట్టుకొచ్చాయి. ఇప్పుడు గట్టు మీద నిలబడి ఉంది. క్రేను వాళ్లు ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దామంటున్నారు. తాళం నా జేబులోనే పెట్టుకున్నాను.

పాత_స్పానర్
ఆ తాళం జేబులోంచి తీయకండి. ఇప్పుడు సెల్ఫ్ కొడితే నీళ్లు చేయని నష్టం మీరు చేసినవారవుతారు. సిలిండర్లలో నీరు ఉంటే పిస్టను పైకి రాలేదు, నీరు గాలిలాగా నలగదు, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండి మునిగేటప్పుడు ఇంజన్ ఆగి ఉందన్నారు. అది మీ అదృష్టం. తిరుగుతున్న ఇంజన్ నీటిని పీల్చుకుని ఉంటే రాడ్లు అప్పుడే వంగి ఉండేవి.

మొదట బ్యాటరీ తీగలు విప్పండి. మంచినీటితో ఇంజన్ గది, ఛాసిస్, బ్రేకులు బాగా కడగండి, ఉప్పు పోవాలి. ఇంజన్ అడుగున నూనె నిలిచే సంప్ బోల్టు వదులు చేస్తే ముందు నీరు వస్తుంది, ఎందుకంటే అది నూనె కన్నా బరువు కనుక అడుగున చేరుతుంది. ఆ నీటిని ఒక సీసాలో పట్టి ఉంచండి, ఎంత దిగిందో తెలుస్తుంది. తరువాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి, పిస్టన్లను ఆడించే క్రాంకును పెద్ద స్పానర్‌తో చేత్తో తిప్పండి. రంధ్రాల్లోంచి నీరు చిమ్ముతుంది, ముఖం అటు పెట్టవద్దు. నీరు ఆగాక ఒక్కొక్క సిలిండరులో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పండి. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టర్లు పారేయండి. డీజిల్ ట్యాంకు అడుగు నుంచి నీరు దించండి. ఇవన్నీ అయ్యాకే స్టార్టు చేయాలి. మొదట పోసిన ఆయిల్‌ను కొద్దిసేపు నడిపి మార్చండి, రంగు తేరుకునేదాకా మళ్లీ మార్చండి.

బాటసారి
బీమా ఉంటే దేన్నీ విప్పకముందే ఫోటోలు తీసి వారికి తెలియజేయండి. నీటిలో మునిగిన ఇంజన్‌ను స్టార్టు చేయడం వల్ల వచ్చిన నష్టాన్ని చాలా పాలసీల్లో అసలు ప్రమాదంలో భాగంగా లెక్కించరు. తాళం జేబులో పెట్టుకున్నది ఈ విధంగా కూడా మంచిదే అయింది.

గట్టుమీద
బీమా సర్వేయరు రావడానికి రోజులు పడితే ఇంజన్ అలాగే ఉంచాలా? ఉప్పునీరు తగిలిన ఇనుముకు గాలి తగిలితే తుప్పు తొందరగా పడుతుంది. నేను మొదట్నించీ ఆలస్యం వద్దంటున్నది ఇందుకే.

చుక్కాని
ఈ విషయంలో గట్టుమీద గారు చెప్పింది పూర్తిగా నిజం. పడవ ఇంజన్లు మునిగితే, మెకానిక్ వెంటనే దొరకకపోతే, వాటిని మంచినీటిలో ముంచే ఉంచుతారు, గాలి తగలనివ్వరు. లారీ ఇంజన్‌ను అలా ముంచలేము. సర్వేయరు అనుమతి ఫోనులో తీసుకుని, నీరు దించి, సిలిండర్లలోనూ సంప్‌లోనూ ఆయిల్ నింపి ఉంచితే కొంత కాపాడవచ్చు.

రేవు_బండి
ఫోటోలు పంపి అనుమతి తీసుకున్నాము. సంప్‌లోంచి నీరు వచ్చింది, సిలిండర్లలో రెండింట్లోంచి నీరు చిమ్మింది, క్రాంకు మాత్రం పూర్తిగా ఒక చుట్టు తేలికగా తిరిగింది. గేరుబాక్సు ఆయిల్ మామూలుగానే కనిపిస్తోంది. వెనక యాక్సిల్ గేర్లుండే హౌసింగ్ ఆయిల్ మాత్రం పాలు కలిపిన టీ రంగులో ఉంది.

పాత_స్పానర్
చుట్టు పూర్తిగా తిరిగిందంటే రాడ్ల గురించి పెద్దగా భయపడనక్కరలేదు. హౌసింగ్‌కు పైన గాలి తీసుకునే చిన్న గొట్టం ఉంటుంది. పని చేసి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ గొట్టం ద్వారా నీటిని పీల్చుకుంటుంది. ఆ ఆయిల్ దించి, కొత్తది పోసి, కొంచెం దూరం నడిపి మళ్లీ దించండి. గేరుబాక్సు ఆయిల్ మామూలుగా కనిపించినా మార్చేయండి. ఎయిర్ ట్యాంకుల అడుగు కాక్‌లు తెరిచి నీరు వదలండి. బ్రేకు డ్రమ్ములు విప్పి లైనర్లు ఆరబెట్టాలి, లేకపోతే డ్రమ్ముకు అతుక్కుపోతాయి.

సెల్ఫ్_మోటార్
వైరింగ్ కనెక్టర్లన్నీ ఒక్కొక్కటిగా విప్పి మంచినీటితో కడిగి, గాలితో ఆరబెట్టి, కాంటాక్టు స్ప్రే కొట్టండి. సెల్ఫ్ మోటారు, డైనమో విప్పించి బేరింగులు, బుష్‌లు చూపించండి. ఇవాళ పనిచేసినంత మాత్రాన సరిపోదు. కనెక్టరు లోపల ఆకుపచ్చ తుప్పు కొన్ని వారాల తరువాత బయటపడుతుంది, అప్పుడు ఏ తీగలో లోపముందో పట్టుకోవడం మహా కష్టం. కంట్రోల్ పెట్టె మూత లోపల తేమ ఉందేమో తప్పకుండా చూడండి.

లోతునీరు
ఇంత చర్చలో ఒక విషయం రాకుండా పోకూడదు. డ్రైవరు క్యాబిన్‌లో ఉండి ఉంటే ఏం చేయాలి? మునిగే వాహనం కొద్దిసేపు తేలుతుంది, ఆ కాలం అర నిమిషం నుంచి ఒకటి రెండు నిమిషాలు మాత్రమే. ఆ కాస్త సమయంలో ఫోను చేయవద్దు, తలుపుతో పోరాడవద్దు. బెల్టు విప్పి, పక్క అద్దం దింపి, పిల్లలుంటే ముందు వారిని తోసి, తరువాత తాను బయటపడాలి. ఒక మీటరు ఎత్తు నీరు తలుపును తన్నుతుంటే, ఒక చదరపు మీటరు తలుపు మీద సుమారు 500 కిలోల బలం ఉంటుంది, ఏ మనిషీ నెట్టలేడు. ముందు అద్దం పొరలుగా ఉంటుంది కనుక సుత్తితో కొట్టినా ఊడదు, పక్క అద్దం మూలలో కొట్టాలి. ర్యాంపు మీద వెనక్కి దిగేటప్పుడు బెల్టు తీసి, డ్రైవరు పక్క అద్దం దింపి ఉంచమని నా దగ్గరికి వచ్చే ప్రతి డ్రైవరుకూ చెబుతుంటాను. పిల్లలను ర్యాంపు పైనే దింపేయాలి.

తెడ్డు
బెల్టు తీయమనడం నాకు కొత్తగా ఉంది, కానీ ఆ కొద్ది దూరం నడక వేగంతో దిగుతాం కనుక కారణం అర్థమవుతోంది.

రేవు_బండి
ఇంజన్ స్టార్టయింది. మొదట తెల్లటి పొగ వచ్చి, తరువాత తగ్గింది. రెండోసారి మార్చిన ఆయిల్ రంగు బాగుంది. వెనక హౌసింగ్ ఆయిల్ మరోసారి మార్చాలి. రేవు అధికారులతో కలిసి ర్యాంపు చివరి గుంటను రాళ్లతో పూడ్చే విషయం మాట్లాడుతున్నాము, నాచును గట్టి చీపురుతో వారానికోసారి రుద్ది కడగడానికి పడవల వాళ్లు ఒప్పుకున్నారు. ట్రాలీ సంగతి ఏమిటి? అది చూడటానికి బాగానే ఉంది.

చుక్కాని
చూడటానికి బాగానే ఉంటుంది. చక్రాల మధ్య బేరింగులుండే హబ్బులు విప్పండి. దారి పొడవునా తిరిగి వేడెక్కిన హబ్బు నీటిలో మునగగానే లోపలికి నీరు పీల్చుకుంటుంది, ఈసారి బురద కూడా పీల్చుకుని ఉంటుంది. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, బేరింగులు కిరోసిన్‌తో కడిగి, చేత్తో తిప్పినప్పుడు గరగర అంటే మార్చేయండి. సీళ్లు మాత్రం బాగున్నా కొత్తవి వేయండి. పిన్ను తగిలించే కొక్కెం దగ్గర వెల్డింగు పగిలిందేమో కూడా చూడాలి, మొదటి రాత్రి క్రేను గుంజిన గుంజుడులో కొంత దాని మీద కూడా పడి ఉండవచ్చు.

రేవు_బండి
ఇప్పుడే చూశాను. కొక్కెం కింది వైపు వెల్డింగులో వెంట్రుకంత పగులు ఉంది. రేపు హబ్బులతో పాటు దాన్ని కూడా విప్పిస్తాను.